బ్రాహ్మీ లిపిని పేజీలో కూర్చడం – 3వ పాఠం: ఒత్తు విడిపోకుండా

కిందటి పాఠంలో నోటో శాన్స్ బ్రాహ్మీ ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి విడి అక్షరాలు చూశాం కదా, ఈసారి అశోకుడి గిర్నార్ (గుజరాత్) శాసనం మొదటి ముక్కని అడోబ్ వాళ్ల పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ పేజీలోకి ఎక్కిద్దాం. ముక్క ఇది: ఇయం ధంమలిపీ దేవానంప్రియేన. చిన్నదే గానీ సున్నాలు, గుణింతాలు, ఒక ఒత్తు అన్నీ ఉన్నాయి, అసలు పరీక్ష "ప్రి" దగ్గరే.

ముందే ఒక మాట. "ధంమ" చూసి తప్పనుకుని "ధమ్మ" అని దిద్దకండి. రాతి మీద సున్నా పెట్టి మ చెక్కారు, మనమూ అలాగే పెట్టాలి. శాసనపాఠాన్ని దిద్దే హక్కు కూర్చేవాళ్లకి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

టైపింగ్‌కి అక్షరముఖ అనే లిపి మార్పిడి టూల్ వాడండి, తెలుగులో రాసి బ్రాహ్మీ ఎంచుకుంటే యూనికోడ్ పాఠం ఇస్తుంది. దాన్ని ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేస్తే పేజీలో డబ్బాలు కనిపించొచ్చు, కంగారు పడొద్దు, మీ తెలుగు ఫాంట్‌లో ఆ అక్షరాలు లేవు అంతే. బ్రాహ్మీకి విడిగా ఒక క్యారెక్టర్ స్టైల్ చేసుకుని అప్లై చెయ్యండి, అక్షరాలు వస్తాయి.

ఇప్పుడు "ప్రి" చూడండి. లోపల ఉన్నది నాలుగు కోడ్‌లు: ప, విరామం (అచ్చుని తీసేసే పొల్లు గుర్తు), ర, ఇకారం గుర్తు. ప కోడ్ 11027, విరామం 11046. ఫాంట్‌లో "ప, విరామం, ర వరసగా వస్తే ర ని కింద తగిలించు" అనే రూల్ ఉంటుంది, కానీ ఆ రూల్‌ని నడిపేది సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల్ని, లైన్లని పేర్చే భాగం, అంటే కంపోజర్, అది నడపకపోతే ఫాంట్ ఎంత మంచిదైనా ప, ర పక్కపక్కన విడివిడిగా పడి మధ్యలో విరామం గుర్తు వేలాడుతుంది. అందుకే పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ దగ్గరకెళ్లి కంపోజర్‌ని అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్‌కి మార్చండి. పేరాకి మాత్రమే మార్చి వదిలేస్తే రేపు కొత్త పేరాలో మళ్లీ అదే గోల, స్టైల్‌లోనే మార్చండి.

అయినా కుదరకపోతే తప్పు ఎక్కడుందో తేల్చాలి. అదే పాఠాన్ని, అదే ఫాంట్‌తో లిబ్రేఆఫీస్ రైటర్‌లో పెట్టండి, 5.3 వెర్షన్ నుంచి అన్ని సిస్టమ్స్‌లో అది ఫాంట్ రూల్స్ నడపడానికి హార్ఫ్‌బజ్ ఇంజిన్ వాడుతుంది. అక్కడ బాగుండి ఇక్కడ విడిపోతే కంపోజర్ సంగతి, వెర్షన్ పాతదైనా కావచ్చు. రెండు చోట్లా విడిపోతే కోడ్‌ల వరస చూడండి, విరామం ర తర్వాత పడిందేమో, లేదా మధ్యలో కనిపించని జాయినర్ (అక్షరాలు కలిసే తీరుని మార్చే కోడ్) దూరిందేమో. గ్లిఫ్స్ ప్యానెల్ నుంచి తయారుగా ఉన్న ఒత్తక్షరాన్ని ఎత్తి పెట్టే షార్ట్‌కట్ మాత్రం వద్దు, ఫాంట్ మారిస్తే అది నిలవదు.

యూనికోడ్‌లో బ్రాహ్మీ 2010లో, 6.0 వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందు చాలామంది ఇంగ్లీష్ అక్షరాల స్థానంలో బ్రాహ్మీ బొమ్మలు పెట్టిన ఫాంట్లు వాడేవాళ్లు, అలాంటి పాత ఫైల్ దొరికితే ఫాంట్ మార్చి చూడండి, రోమన్ అక్షరాలు బయటపడతాయి. దాన్ని కన్వర్ట్ చెయ్యాల్సిందే.

ఇంకోటి, యూనికోడ్ వేర్వేరు కాలాల, ప్రాంతాల బ్రాహ్మీ రూపాలన్నిటికీ ఒకే కోడ్‌లు ఇచ్చింది, అంటే మౌర్యుల నాటి క, తర్వాతి శతాబ్దాల క ఒకటే కోడ్, తేడా ఫాంట్‌లో కనిపించాలి. భట్టిప్రోలు శాసనాల ఆ-కారం (దీర్ఘం) గుర్తుకి మాత్రం విడిగా కోడ్ ఉంది, 11039. కాబట్టి ఏ కాలపు శాసనమో ముందు తెలుసుకుని ఫాంట్ ఎంచుకోండి, ఇది అలంకారం కోసం కాదు, చదివేవాడికి తప్పు రూపం చూపించకూడదు కదా.

ఖాళీలు లేని పాఠం అయితే లైన్ ఎక్కడ విరగాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియక ఫ్రేమ్ దాటిపోవచ్చు, లేదా ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. మీరు ఒప్పుకునే చోట డిస్క్రిషనరీ లైన్ బ్రేక్ పెట్టండి, అది కనిపించదు, అవసరమైతేనే విరుగుతుంది. హైఫనేషన్ ఆపేసి ఎడమకి అలైన్ చెయ్యండి. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఆటో లీడింగ్‌ని (లైన్ల మధ్య దూరాన్ని) నమ్మకుండా నంబర్ మీరే ఇవ్వండి.

ఈ వారం పని: పై ముక్కని కూర్చి పీడీఎఫ్ చెయ్యండి, అక్షరాల్ని అవుట్‌లైన్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చొద్దు, మార్చితే వెతకడం కుదరదు. పీడీఎఫ్ నుంచి "ప్రి" కాపీ చేసి మళ్లీ రైటర్‌లో పేస్ట్ చేసి చూడండి, నాలుగు కోడ్‌లూ అదే వరసలో రావాలి. వచ్చే పాఠంలో ఖరోష్ఠీ, అది కుడి నుంచి ఎడమకి నడుస్తుంది.