ప్రెషర్ వాషర్ మరమ్మతు – 2వ పాఠం: ధార బలం తగ్గితే ముందు బకెట్ తీయండి

గత పాఠంలో నీరు నడిచే దారి చూశాం: కుళాయి పైపు, ఇన్‌లెట్ జాలీ, పంపు, బైపాస్ వాల్వు (ట్రిగ్గర్ వదిలినప్పుడు నీటిని తిరిగి పంపులోకే మళ్లించేది), హోస్ (మెషీన్ నుంచి గన్‌కు వెళ్లే గొట్టం), గన్, నాజిల్. ధార నీరసించగానే చాలామంది నేరుగా పంపు విప్పడానికి కూర్చుంటారు. పంపు చేసేది నీటిని తోయడమే. ఆ నీటికి నాజిల్ సన్నటి రంధ్రం అడ్డుపడితేనే ప్రెషర్ పుడుతుంది. అంటే తేల్చుకోవలసింది ఇదే: నీరే తక్కువ వస్తోందా, వచ్చే నీటికి అడ్డు తగ్గిందా? అందుకు 10 లీటర్ల బకెట్, సెకన్లు చూపే గడియారం చాలు.

మెషీన్ లేబుల్ మీద ఫ్లో చూడండి. గంటకు 360 లీటర్లని ఉంటే నిమిషానికి 6 లీటర్లు. ఇప్పుడు పైపును మెషీన్ దగ్గర ఊడదీసి, కుళాయి పూర్తిగా తిప్పి బకెట్ పట్టండి. నిమిషంలో నిండితే ఈ మెషీన్‌కు నీరు ధారాళంగా ఉన్నట్టే. 100 సెకన్లు పట్టిందంటే నిమిషానికి సరిగ్గా 6 లీటర్లే, చాలీచాలని స్థితి. కుళాయి కింద కొలిస్తే ఉపయోగం లేదు. సన్నటి పొడవాటి పైపు, ఎక్కడో పడిన మడత తినేసే నీరు పైపు చివరే తెలుస్తుంది.

ఇన్‌లెట్ జాలీని బయటికి లాగి పాత టూత్ బ్రష్‌తో కడగండి. అది లేకుండా మాత్రం మెషీన్ నడపకండి. ఒక్క ఇసుక రేణువు పంపు వాల్వు కింద ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, ధార ఎగిరెగిరి పడుతుంది. కనెక్టర్‌లోని ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఎండిపోయి గాలి లోపలికి వచ్చినా ధార ఇలాగే ఉంటుంది. అందుకే ముందు ఓ-రింగ్ మార్చి చూడండి.

రెండో కొలత గన్ దగ్గర. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, కుళాయి కట్టి, ట్రిగ్గర్ నొక్కి లోపలి ప్రెషర్ వదిలించాకే లాన్స్ (గన్ ముందు తగిలించే పొడవాటి గొట్టం) తీయాలి. తర్వాత కుళాయి తిప్పి, మోటారు వేయకుండానే, గాలి బుడగలు ఆగి నీరు నిండుగా వచ్చేదాకా ట్రిగ్గర్ పట్టుకోండి. గాలి పట్టడమే లోపమైతే ఇక్కడే తీరిపోవచ్చు. ఆ తర్వాత మోటారు వేసి బకెట్‌లోకి కొలవండి. పైపు చివర నీరు బాగా ఉండి, ఇక్కడ లేబుల్ అంకె కంటే బాగా తగ్గితే దోషం మెషీన్‌లోనో, హోస్‌లోనో ఉంది.

ఫ్లో సరిగానే ఉంటే అనుమానం నాజిల్ మీదికి వెళ్తుంది. సబ్బు నాజిల్ తగిలించి ఉందేమో చూడండి. దాని రంధ్రం పెద్దది, ప్రెషర్ రాదు. తిప్పే రకం లాన్స్ అయితే తక్కువ ప్రెషర్ వైపు ఉందేమో చూడండి. రంధ్రంలో చెత్త ఉంటే సన్నని పిన్నుతో పొడిచి, ముందు వైపు నుంచి వెనక్కి నీరు పట్టండి. పిన్ను గట్టిగా తిప్పితే రంధ్రమే పెద్దదవుతుంది. అరిగిన నాజిల్ చేసే నష్టం లెక్క వేస్తే గానీ నమ్మబుద్ధి కాదు. రంధ్రం వ్యాసం 10 శాతం పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, అదే ఫ్లోకు ప్రెషర్ దాదాపు మూడో వంతు పడిపోతుంది. కంటికి ఆ తేడా కనిపించదు. కాబట్టి అదే సైజు కొత్త నాజిల్ పెట్టి చూడడమే సరైన పరీక్ష.

కొత్త నాజిల్‌తోనూ ధార బలహీనంగానే ఉంటే? అడ్డు లేనప్పుడు నిండుగా తోసిన పంపు, ప్రెషర్ పడగానే లోపల లీకవుతోందన్నమాట. బైపాస్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా పంపు వాల్వులు, సీళ్లు అరిగాయి. మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే మాత్రం ఇవన్నీ వదిలి, సన్నటి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి నేరుగా ప్లగ్ పాయింటుకు పెట్టి చూడండి.

అభ్యాసం: రెండు కొలతలూ, నాజిల్ మార్చాక కనిపించిన తేడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 3వ పాఠంలో బైపాస్ వాల్వు విప్పేటప్పుడు ఆ అంకెలు కావాలి.