ఆర్కిడ్‌ని బతికించుకుందాం – 2వ పాఠం: కుండీ విప్పి వేర్లు చూడటం

పోయిన పాఠంలో ఆకులు చూశాం. ఫాలెనోప్సిస్ అనే ఆర్కిడ్ రకం ఆకులు ముడతలు పడి వేలాడుతుంటే వారం రోజులు నీళ్లు ఆపమన్నాను. ఎందుకో ఈరోజు కుండీ విప్పితే మీకే తెలుస్తుంది.

ఆకు వాడితే నీళ్లు చాలలేదనుకుంటాం. ఆర్కిడ్‌లో చాలాసార్లు నీళ్లు ఎక్కువైనా ఇలాగే అవుతుంది. వేర్లు కుళ్లిపోతే నీళ్లు పీల్చలేవు. కుండీ తడిగా ఉన్నా మొక్క దాహంతో ఉంటుంది. ఇది తెలియక నేను రోజూ నీళ్లు పోసి నా మొదటి మొక్కని పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈ మొక్క ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరుగుతుంది. వాన పడితే వేర్లు తడుస్తాయి, గాలికి మళ్లీ ఆరిపోతాయి. మన తూర్పు కనుమల్లో కొమ్మల మీద కనిపించే వాండా ఆర్కిడ్‌లదీ ఇదే పద్ధతి. అందుకే మట్టిలో పెడితే వేర్లకి ఊపిరాడదు.

మొక్కని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా బయటికి తీయండి. రాకపోతే లాగొద్దు, ప్లాస్టిక్ కుండీ అయితే కత్తిరించేయండి. నర్సరీ వాళ్లు మధ్యలో బిగించిన నాచు ముద్ద ఉంటే అది కూడా పూర్తిగా తీసేయాలి. చాలా కుళ్లు అక్కడే మొదలవుతుంది. తర్వాత మామూలు నీళ్లలో వేర్లు కడగండి.

ఇప్పుడు ఒక్కో వేరునీ వేళ్లతో నొక్కి చూడండి. ఇక్కడ తొందరపడొద్దు, అరగంట పట్టినా పర్లేదు. గట్టిగా ఉంటే మంచి వేరు. తడిసినప్పుడు ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో ఉంటుంది. కుండీ లోపల వెలుతురు తగలని వేరు పసుపుగా ఉండొచ్చు, గట్టిగా ఉంటే దాన్ని కోయకండి. రంగు కన్నా వేలికి తగిలేదే నమ్మకం. మెత్తగా నలిగిపోయి, పైపొర ఊడి లోపల దారంలాంటి పోగు మిగిలితే అది పోయిన వేరే.

కత్తెరని మంటలో కాల్చి, చల్లారాక పోయిన భాగం మాత్రం కోయండి. కోసిన కొనకి దాల్చినచెక్క పొడి అద్దొచ్చు. మంచి వేరు మీద పడకుండా చూడండి, అది వేరుని ఎండబెట్టేస్తుంది. పూలకాడ ఉంటే అదీ కోసేయండి. చేతులు రావు, నాకు తెలుసు. కానీ మొక్కలో మిగిలిన బలం ఇప్పుడు కొత్త వేర్లకి కావాలి.

నడిమి లేత ఆకు నల్లబడి, పట్టుకోగానే ఊడొస్తే కుళ్లు మొవ్వులోకి వెళ్లినట్టే. అలాంటివి బతకడం కష్టం.

కోసిన గాయాలు ఆరేదాకా, ఒక రోజు, మొక్కని నీడలో కాగితం మీద ఉంచండి. ఈలోగా అంగుళం సైజు కొబ్బరి పీచు ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, రెండుమూడు సార్లు నీళ్లు మార్చండి. వాటిలోని ఉప్పు పోవాలి. కొంచెం బొగ్గు కూడా సిద్ధం చేసుకోండి.

మిగిలిన మంచి వేర్లు ఎన్నో రాసి పెట్టుకోండి. మూడుకి మించి ఉంటే వచ్చే పాఠంలో చిన్న కుండీలో నాటుతాం. అంతకన్నా తక్కువైతే తడి నాచులో, మూత పెట్టిన డబ్బాలో పెంచే పద్ధతి చూద్దాం.