పాత రాళ్ళ ఉంగరం కొంటున్నారా? ముందు రాయి విలువ సున్నా అనుకోండి

ముందు నా సంగతి చెప్తా, ఎందుకంటే ఇదంతా నేర్చుకున్నదే దాని వల్ల. మేము ఉండేది చెన్నై కోడంబాకంలో, నాలుగేళ్ళ కింద మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ నగలు కొన్ని అమ్మేస్తుంటే ఒక కెంపు ఉంగరం తీసుకున్నా. "మా అత్తగారిదమ్మా, వాళ్ళ నాన్న రంగం నుంచి తెచ్చారంట, బర్మా కెంపు" అంది. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళొచ్చిన వాళ్ళ కథలు మా ఇంట్లో కూడా ఉన్నాయి కాబట్టి ఇంకేం అడగలేదు. చూస్తే దానిమ్మ గింజే. నాకు కొంచెం వదులైతే సైజు తగ్గించమని ఆచారి గారికిచ్చా, ఆయన రాయి ఊడదీయకుండానే మంట పెట్టి, తర్వాత యాసిడ్‌లో ముంచి తీసి, కాసేపు ఏం మాట్లాడలేదు. అరచేతిలో పెట్టి చూపిస్తే రాయి పైన తెల్లటి గీతలు, ఎండిన చెరువు అడుగు పగిలినట్టు. "ఇది సగం గాజు అమ్మా" అన్నాడు.

పగుళ్ళున్న నాసిరకం కెంపులోకి సీసం కలిసిన గాజు నింపి అమ్ముతారు, వేడి తగిలినా యాసిడ్ తగిలినా ఆ గాజు పాడైపోతుంది. ఇవి బజార్లోకి ఎక్కువగా వచ్చిందే 2004 ప్రాంతంలో, ఇంక రంగం ఎక్కడ! ఆవిడ అబద్ధం చెప్పిందని కూడా అనను, మధ్యలో ఎప్పుడో రిపేర్‌కి ఇచ్చినప్పుడు రాయి మారిపోయి ఉండొచ్చు, ఆవిడకీ తెలిసుండదు.

సరే, ఇప్పుడు నేను చేసేది ఇది. షావుకారుపేటలో సేటు దగ్గర తాకట్టుకి వెళ్తే ఏం చేస్తాడు? రాయి బరువు తీసేసి బంగారానికే లెక్క కడతాడు కదా, మనం కొనేటప్పుడు కూడా అదే లెక్క. ఉంగరం మొత్తం 5.4 గ్రాములు, రాయి సుమారు 3 క్యారెట్లు అనుకోండి, 1 క్యారెట్ అంటే 0.2 గ్రాము కాబట్టి రాయి 0.6 పోగా 4.8 గ్రాముల బంగారం. అది 22 క్యారెట్ అయితే (ఇక్కడ క్యారెట్ అంటే బంగారం స్వచ్ఛత, రాయి బరువు కాదు) అసలు బంగారం 4.4 గ్రాములు, 18 అయితే 3.6 మాత్రమే, చిన్న తేడా కాదు. బిగించిన రాయి బరువు ఎలా తెలుస్తుందంటే అంచనానే, 6 మిల్లీమీటర్ల గుండ్రటి కెంపు దాదాపు 1 క్యారెట్ ఉంటుంది. పాతకాలం ఉంగరాల్లో లోపల లక్క కూరి ఉంటుంది, తూకంలో అదీ కలిసిపోతుంది, చూడ్డానికి లావుగా ఉండి పట్టుకుంటే తేలిగ్గా అనిపిస్తే డౌట్ పడండి. పాత సరుకు కాబట్టి తరుగు, మజూరీ అని అడిగితే ఇవ్వక్కర్లేదు.

హాల్‌మార్క్ ఉంటే మంచిదే, బీఐఎస్ గుర్తు, 22కె916 లాంటి నంబరు, ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాల కోడ్ హెచ్‌యూఐడీ ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. 2021కి ముందు ఉంగరాల మీద హెచ్‌యూఐడీ ఉండదు, అది లేనంత మాత్రాన దొంగ సరుకని కాదు. కానీ హాల్‌మార్క్ చెప్పేది బంగారం సంగతే, రాయి గురించి ఒక్క ముక్క చెప్పదు, చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఇక రాయి. టీ నగర్ షోరూమ్ లైట్ల కింద గాజుపెంకు కూడా మెరుస్తుంది, అందుకని బయటికొచ్చి పగటి వెలుగులో, కానీ నేరుగా ఎండ తగలకుండా నీడలో చూడండి. ముందు గుడ్డతో తుడవండి, తర్వాత ఉంగరం తిరగేయండి. వెనక మూసేసి ఉంటే జాగ్రత్త, రాయి కింద రంగు రేకు పెట్టడం మన పాత పనితనంలో మామూలే, మోసమని కాదు గానీ అప్పుడు మీకు కనిపించే రంగు రాయిదా రేకుదా చెప్పలేరు. వెనక తెరిచి ఉంటే పక్క నుంచి కూడా చూడండి, పైన ఒక రంగు కింద ఒక రంగు, మధ్యలో సన్నటి గీత కనిపిస్తే అది రెండు ముక్కలు అతికించిన రాయి.

పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు. గుండ్రటి బుడగలు కనిపిస్తే ఎక్కువగా గాజే. కెంపు తిప్పుతూ చూసినప్పుడు లోపల ఎక్కడో నీలం మెరుపు చటుక్కున వచ్చి పోతే గాజు నింపిన రాయి, నాది అలాగే ఉండేదని తర్వాత ఫొటోలు చూస్తే అర్థమైంది. గ్రామఫోన్ రికార్డు మీద గాడుల్లాగా వంపు తిరిగిన గీతలుంటే ఫ్యాక్టరీలో చేసిన కెంపు. ఈ పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే ఆయన 1902లో బయటపెట్టాడు, అంటే అమ్మమ్మ పెళ్ళి నాటి ఉంగరంలో కూడా సింథటిక్ ఉండొచ్చు. పాతది అయితే ఒరిజినలే అనే మాట ఎవరైనా అంటే ఈ ఏడాది గుర్తు తెచ్చుకోండి. దూరం ఎందుకు, మన పక్కన తిరుచ్చిలో సింథటిక్ రాళ్ళు కోసే పని ఎన్నో ఏళ్ళుగా ఉంది.

పాత ఉంగరంలో నాకు బాగా పనికొచ్చే గుర్తు ఇంకోటుంది, రాయి కోతల అంచులు. కెంపు, నీలం చాలా గట్టి రాళ్ళు, ఇరవై ఏళ్ళు పెట్టుకున్నా అంచులు అంత తేలిగ్గా అరగవు, అదే గాజైతే వాడిన సబ్బు బిళ్ళలా మొద్దుబారిపోతాయి. అంచులు కొత్తగా ఉండటం గట్టి రాయి వల్లా కావచ్చు, అయినా బంగారం అరిగిపోయి రాయి అంచులు మాత్రం కొత్తగా ఉంటే రాయి తర్వాత మార్చారేమో అని కూడా అడగండి. రాయి పట్టుకునే కొక్కేలు అరిగాయా అన్నదీ అప్పుడే చూసేయండి, గోరుతో మెల్లగా కదిపితే తెలుస్తుంది.

పాలల్లో వేస్తే పాలు ఎర్రబడతాయి, ఊదితే ఆవిరి నిలవదు, గాజు మీద గీస్తే గీత పడుతుంది, ఇవన్నీ వదిలేయండి. గీత సింథటిక్ కూడా పెడుతుంది, పాలు ఏ కెంపుకీ ఎర్రబడవు. యూవీ టార్చ్ కూడా అంతే, బర్మా కెంపు ఎర్రగా వెలుగుతుంది, సింథటిక్ ఇంకా బాగా వెలుగుతుంది!

పచ్చ అయితే లోపల తోటలా మచ్చలూ పగుళ్ళూ ఉండటమే మామూలు, అద్దంలా శుభ్రంగా ఉండి చవకగా ఇస్తున్నారంటే నమ్మొద్దు. పుష్యరాగం అంటూ గోల్డెన్ టోపాజ్ ఇస్తారు, అది కనక పుష్యరాగం (ఎల్లో సఫైర్) కాదు, ధరలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. గోమేధికం లోపల చూస్తే తేనె పాకం కలిపినట్టు మెలికలుంటాయి, అది మంచి గుర్తు. నవరత్నాల ఉంగరమైతే అంత చిన్న రాళ్ళకి నేను ఒక్క రూపాయి కూడా కట్టను.

రాయికి నిజంగా డబ్బు పెడుతున్నారంటే మాత్రం ల్యాబ్ రిపోర్ట్ తప్పదు, లూప్‌తో మనం చూసేది వద్దనుకోడానికే గానీ అవుననుకోడానికి సరిపోదు. కొంచెం అడ్వాన్స్ ఇచ్చి, రిపోర్ట్‌లో సహజమైన రాయి అనీ, గాజు నింపలేదనీ వస్తేనే మిగతాది ఇస్తానని వాట్సాప్‌లో రాయించుకోండి. అమ్మేవాళ్ళు దీనికి ఒప్పుకోకపోతే బంగారం రేటుకి అడగండి, లేదంటే లేచి వచ్చేయండి. వాళ్ళ దగ్గరే ల్యాబ్ రిపోర్ట్ కార్డు ఉంటే దాని మీది నంబరు ల్యాబ్ సైట్‌లో కొట్టి, అందులో రాసిన కొలతలు ఈ రాయివేనా అని స్కేల్ పెట్టి చూడండి, వేరే రాయి కార్డు చేతిలో పెట్టడం పెద్ద విషయం కాదు. తెలియని వాళ్ళ దగ్గరైతే పాత బిల్లు, ఐడీ కాపీ తీసుకోండి, దొంగ సొత్తని తేలితే ఉంగరం పోలీసులు పట్టుకెళ్తారు, డబ్బు మనకి రాదు.

కొన్నాక సైజు మార్పించాలంటే ముందు రాయి ఊడదీయమని ఆచారికి చెప్పండి, ఆయన అక్కర్లేదన్నా సరే. ఇంట్లో కడిగేటప్పుడు నిమ్మకాయ, చింతపండు వద్దు, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. పచ్చని మాత్రం అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేయనివ్వకండి, పగుళ్ళు కనపడకుండా పట్టించిన నూనె బయటికొచ్చేస్తుంది.