ఫీనిక్స్ ఇంట్లోకి తేళ్లు రాకుండా చేయడం ఎలా?

మన ఊళ్లో తేలంటే నల్లగా, లావుగా, కొండి పైకెత్తుకుని తిరిగే మండ్రగబ్బే గుర్తొస్తుంది. అందుకే అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇల్లు కొన్న మొదటి వేసవిలో గరాజ్ గోడ మీద సన్నగా, ఇసుక రంగులో ఒకటి కనిపిస్తే "పిల్ల తేలు, పోనీలే" అనుకున్నాను. అది పిల్లది కాదు. దాని పేరు బార్క్ స్కార్పియన్, అంతకంటే పెరగదు, రెండు మూడు అంగుళాలే. అమెరికా మొత్తంలో విషం ఎక్కువున్న తేలు అదే. అరచేయంత ఉండే డెజర్ట్ హెయిరీ తేలు చూస్తే గుండె ఆగుతుంది కానీ, అది కుట్టినా మామూలుగా తేనెటీగ కుట్టినంతే. అంటే ఇక్కడ లెక్క తిరగబడింది: డెక్కలు, తోక ఎంత సన్నగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో సంగతి, ఈ బార్క్ స్కార్పియన్ గోడలెక్కుతుంది. స్టక్కో (ఇక్కడి ఇళ్ల బయటి గోడలకి వేసే గరుకు సిమెంటు పూత), ఇటుక, చెక్క, సీలింగ్, గరుకుగా ఉన్నది ఏదైనా దానికి రోడ్డే. పైగా వస్తువుల అడుగున తలకిందులుగా వేలాడడం దీనికి అలవాటు. కుండీ ఎత్తేటప్పుడు వేళ్లు సరిగ్గా అక్కడికే పోతాయి.

1. ముందు ఎక్కడున్నాయో చూడండి

బ్లాక్ లైట్ టార్చ్, అంటే అతినీలలోహిత (UV) కాంతి ఇచ్చేది, ఒకటి కొనండి. 365 నుంచి 395 నానోమీటర్ల మధ్యది ఏదైనా సరిపోతుంది. పొద్దుగూకిన గంట, రెండు గంటల తర్వాత, కాళ్లకి షూ వేసుకుని ఇంటి చుట్టూ నెమ్మదిగా ఒక రౌండ్ వేయండి. తేలు ఉంటే పిల్లల గదిలో అంటించే రేడియం నక్షత్రంలా ఆకుపచ్చగా వెలుగుతుంది. మొదటిరోజు మా పెరటి గోడ మీద అలాంటివి మూడు కనబడేసరికి ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రపట్టలేదు. కొత్తగా కుబుసం విడిచినవి అంత మెరవవు కాబట్టి ఒక్కరోజు చూసి వదిలేయకండి.

వీటిని పొడవాటి పట్టకారుతో పట్టి మూతున్న డబ్బాలో వేయండి. చీపురుతో కొట్టబోతే తప్పించుకుని ఏదో సందులోకి దూరుతుంది, ఆ తర్వాత మీకే టెన్షన్. ఎక్కువ ఏ వైపు కనిపించాయో గుర్తుపెట్టుకోండి, పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2. తలుపుల కింద సందు మూయండి

ఒకే పని చేసే ఓపిక ఉంటే ఇదొక్కటి చేయండి. క్రెడిట్ కార్డు దూరే సందు చాలు, బార్క్ స్కార్పియన్ వచ్చేస్తుంది.

రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, ఒకరిని బయట టార్చ్ పట్టుకుని తలుపు కిందా పక్కలా వెలుగు వేయమనండి. లోపలికి గీతలా వెలుగొచ్చిన ప్రతిచోటా సందు ఉన్నట్టే. ముందు తలుపు, పెరటి తలుపు, గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు, మూడూ చూడండి. చివరిదాన్నే అందరూ మర్చిపోతారు.

తలుపు వెడల్పు కొలిచి, హార్డ్‌వేర్ షాపులో డోర్ స్వీప్ (తలుపు అడుగున బిగించే పట్టీ) కొనండి. అల్యూమినియం పట్టీకి రబ్బరు అంచు ఉన్నది తీసుకోండి, బ్రష్ వెంట్రుకలున్నది వద్దు. పొడవు ఎక్కువైతే రంపపు బ్లేడుతో కోసి, తలుపు మూసిపెట్టి, రబ్బరు గడపని తాకుతూ కాస్త వంగేలా పట్టి స్క్రూలు బిగించండి. అంతా అయ్యాక రెండు మూలల దగ్గర మళ్లీ కార్డు పెట్టి చూడండి. నేను మొదటిసారి బిగించినప్పుడు మధ్యలో గాలి కూడా దూరలేదు, మూలలో మాత్రం కార్డు హాయిగా దూరింది. అలాంటిచోట అంటించే చిన్న మూల ప్యాడ్లు విడిగా దొరుకుతాయి.

గరాజ్ పెద్ద తలుపు అడుగు రబ్బరు ఇక్కడి ఎండకి ఎండిపోయి పగులుతుంది. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి నొక్కి చూడండి, గట్టిపడితే మార్చేయండి.

3. గోడల కన్నాలు

స్టక్కో గోడ అడుగున, మట్టికి నాలుగు అంగుళాల పైన, ఇంటిచుట్టూ ఒక లోహపు అంచు ఉంటుంది. దానికి సందులుంటాయి. ఉత్సాహంలో దాన్ని సిలికాన్‌తో మూసేయకండి. గోడలో చేరిన తేమ బయటికి పోయే దారి అదే. దాన్ని అలా వదిలేసి, గోడలోకి చేరిన తేలు గదిలోకి రాకుండా లోపలి వైపు మూయండి: సింక్ కింద పైపులు గోడలోకి వెళ్లే చోట, స్విచ్ బోర్డుల అంచులు, సీలింగ్ లైట్ల చుట్టూ ఉన్న ఖాళీ, నేలకీ గోడకీ మధ్య బేస్‌బోర్డు విడిన చోట్లు. పెద్ద కన్నంలో ముందు రాగి జాలీ కుక్కి, పైన సీలెంట్ వేయండి.

సిమెంటు బ్లాకులతో కట్టిన పెరటి గోడ లోపల డొల్లగా ఉంటుంది. తేళ్లకి అది అపార్ట్‌మెంట్ లాంటిది. పైన పగుళ్లుంటే సిమెంటు పూయండి.

4. పెరట్లో తిండి, నీళ్లు, నీడ తగ్గించండి

తేళ్లు చిమ్మెటల కోసం, బొద్దింకల కోసం వస్తాయి. గుమ్మం దగ్గర తెల్ల బల్బుంటే పురుగులు, వాటి వెనకాలే ఇవీ. పసుపు రంగు బల్బు పెట్టండి. పెస్ట్ కంట్రోల్ మందు తేలు మీద అంతంతమాత్రమే పనిచేస్తుంది, కానీ దాని తిండిని చంపుతుంది కాబట్టి దండగ కాదు. లావెండర్ నూనె, దాల్చిన చెక్క చిట్కాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, నాకైతే నమ్మకం లేదు.

మనవాళ్ల ఇళ్లల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కరివేపాకు, మల్లె కుండీల కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు. చలికాలం ఆ కుండీలు గరాజ్‌లోకి తెచ్చేముందు అడుగున బ్లాక్ లైట్ వేసి చూడండి. గరాజ్ మూల నేల మీద పేర్చిన సోనామసూరి బస్తాలు, ఇండియా నుంచి వచ్చినప్పటి అట్టపెట్టెలు కూడా అంతే. మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి. ఏసీ నీళ్లు గోడ పక్కనే కారుతుంటే పైపు దూరంగా తిప్పండి.

5. ఇంట్లో అలవాట్లు

గుమ్మం బయట విడిచిన చెప్పులు దులపకుండా కాళ్లు పెట్టొద్దు. మంచం గోడకి ఆనకూడదు, దుప్పటి నేలకి జారకూడదు. నున్నటి గాజు మీద తేలు ఎక్కలేదు కాబట్టి పసిపిల్లల ఉయ్యాల మంచం కాళ్లు వెడల్పాటి గాజు సీసాల్లో నిలబెట్టండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులు మొదటిరోజే ఇవ్వండి. చీకట్లో మంచినీళ్లకి ఉత్త కాళ్లతో లేచే అలవాటు వాళ్లదే.

కుడితే

సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. తాడు కట్టొద్దు, కోయొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి చాలావరకు నొప్పి, తిమ్మిరితో పోతుంది. చిన్నపిల్లలకి కుట్టినా, ఎవరికైనా కళ్లు అదుపు లేకుండా తిరుగుతున్నా, చొంగ కారుతున్నా, ఒళ్లు ఎగిరెగిరి పడుతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. ఈ తేలు విషానికి అనాస్కార్ప్ అనే విరుగుడు మందుకి 2011లో అనుమతి వచ్చింది, ఆసుపత్రిలో ఇస్తారు. మిగతా సందేహాలకి పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రాత్రీపగలూ పలుకుతారు.

పెద్దవాళ్లు "మనవాళ్లు కంగారుపడతారు" అని తేలు కుట్టిన దొంగల్లా నోరు మెదపరు. ఆ నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించి, కుడితే ముందు మీకు చెప్పాలని ఒప్పించండి.