బందరు కోట దెయ్యాల కథల కోసం వెళ్లే ముందు

నరసాపురం నుంచి బయల్దేరే పిల్లలూ, ముందు చరిత్ర చదవండి. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి ఫ్రెంచివాళ్ల నుంచి ఈ కోటను పట్టుకున్నాడు. 1864 నవంబరు 1న ఉప్పెన ముంచెత్తి, బందరులో సుమారు 30,000 మంది పోయారు.

- అక్కడి పెద్దలను వెళ్లగానే "దెయ్యాలున్నాయా తాతగారూ?" అని అడగొద్దు. ఉప్పెన గురించి అడగండి, కథలు వాటంతటవే వస్తాయి. 1996 తుఫాను చూసిన మన కోనసీమవాళ్లకు ఆ బాధ తెలుసు.
- రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. ఇది తప్పనిసరి.
- బూట్లు, టార్చి.
- పెచ్చులూడి, ఇటుకల సందుల్లోకి రావి వేళ్లు దిగిన గోడ కనిపిస్తే ఎక్కొద్దు, చేయి కూడా ఆనించొద్దు. పాములుంటాయి.
- గోడల మీద పేర్లు చెక్కొద్దు.
- చీకటి పడకముందే బస్సెక్కండి.