చిన్నపిల్లలకి పూజలో, పండగలో పనులు ఎలా నేర్పాలి

చవితి పూజకో, భోగిపళ్ళకో, మూలా నక్షత్రం రోజు బెజవాడ కొండ మీదికి అక్షరాభ్యాసానికో మూడు నాలుగేళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది చదవండి. ఎందుకు చేస్తున్నామో పైకి కనపడని పనిని కూడా ఈ వయసు పిల్లలు అచ్చంగా దించేస్తారు, అందుకే మనం వాళ్ళ ముందు ఎలా చేస్తామనేదే ముఖ్యం.

ముందు ఇంట్లో చిన్న టెస్ట్ పెట్టండి. లోపలిది కనపడే ప్లాస్టిక్ డబ్బాలో చాక్లెట్ వేసి, పిల్లాడు చూస్తుండగా మూత మీద స్పూన్‌తో రెండు సార్లు కొట్టి, డబ్బాని ఒకసారి గుండ్రంగా తిప్పి, అప్పుడు మూత తియ్యండి. ఏమీ చెప్పొద్దు. మళ్ళీ చాక్లెట్ పెట్టి వాడి చేతికివ్వండి, చాలామంది ముందు కొట్టి, తిప్పి, ఆ తర్వాతే తీస్తారు. 2005లో హార్నర్, వైటెన్ అనే పరిశోధకులు ఇలాంటి పెట్టెనే చింపాంజీలకీ పిల్లలకీ ఇచ్చి చూశారు, లోపలిది కనపడే పెట్టె అయితే చింపాంజీలు కొట్టడంలాంటి పనికిరాని పనులు వదిలేశాయి, పిల్లలు మాత్రం అన్నీ చేశారు. 2010లో నీల్సన్, టొమసెల్లి అనే ఇంకో ఇద్దరు చూసినప్పుడు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పిల్లలూ, ఆఫ్రికాలో కలహారి బుష్‌మన్ పిల్లలూ ఇందులో ఒకేలా ఉన్నారు. కాకపోతే కాంగో అడవుల్లో వేట మీద బతికే అకా వాళ్ళ పిల్లలు ఇంతగా కాపీ కొట్టలేదని 2015లో ఒక స్టడీ వచ్చింది, కాబట్టి మీ పాప స్పూన్ పక్కన పడేసి చాక్లెట్ తినేసినా కంగారేం వద్దు.

ఇక అసలు పని. నిదానంగా చెయ్యండి, ప్రతిసారీ అదే వరసలో చెయ్యండి. భోగిపళ్ళప్పుడు రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, పూలరేకులు, చిల్లర కలిపి దోసిట్లోకి తీసుకుని తల చుట్టూ తిప్పి పోస్తాం కదా, గుంటూరు అమ్మమ్మ ఒకవైపు తిప్పి నానమ్మ ఇంకోవైపు తిప్పితే పిల్ల ఎవర్ని చూడాలో తెలీక ఆగిపోతుంది, ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. తర్వాత ఆ పిల్ల చేతికే నాలుగు పళ్ళిచ్చి బొమ్మ తల మీద పోయమనండి, చెయ్యి పట్టుకుని చేయించొద్దు, పక్కకి పడినా పర్లేదు.

మాట కూడా ముఖ్యమే. అమెరికాలో క్రిస్టీన్ లెగారే వాళ్ళు చేసిన పరిశోధనల్లో "అందరూ ఇలాగే చేస్తారు" అని చెప్పి చూపిస్తే పిల్లలు ఇంకా అచ్చుగుద్దినట్టు చేశారు, ఆ పని వల్ల ఏమొస్తుందో చెబితే కాస్త సొంతంగా మార్చుకున్నారు. అందుకని గుంజీళ్ళు తీసేటప్పుడు "మనింట్లో అందరం ఇలా తీస్తాం" అనండి చాలు, తియ్యకపోతే దేవుడు కళ్ళు పోగొడతాడని మాత్రం దయచేసి భయపెట్టొద్దు.

దీపం, కర్పూరం దగ్గర అస్సలు అశ్రద్ధ వద్దు, గుణదల మేరీమాత కొండ దగ్గర కొవ్వొత్తులు వెలిగించేటప్పుడైనా ఇంతే. ఏది పద్ధతో ఏది జాగ్రత్తో పిల్లలకి విడిగా తెలీదు, హారతి కళ్ళకద్దుకోవడం ఎంత శ్రద్ధగా చూస్తారో అగ్గిపుల్ల గీయడం కూడా అంతే శ్రద్ధగా చూస్తారు. "ఇది కాలుతుంది, అందుకే దూరంగా పట్టుకున్నా" అని ప్రతిసారీ పైకి చెప్పండి, పూజ అయ్యాక అగ్గిపెట్టె పైఅరలో పెట్టి, దీపం కొండెక్కేదాకా పెద్దవాళ్ళు ఒకరు అక్కడే ఉండండి.