ఓడే ఫుట్‌బాల్ జట్టులో ఉత్తమ డిఫెండర్‌ని తేల్చడం ఎలా?

ముందు టాకిళ్ల (ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడం) పట్టిక పక్కన పెట్టండి. ఓడే జట్టు దగ్గర బంతి సాధారణంగా తక్కువసేపే ఉంటుంది కాబట్టి డిఫెండర్లకు టాకిళ్లు, క్లియరెన్సులు (గోల్ దగ్గరి నుంచి బంతిని దూరంగా కొట్టేయడం) వాటంతటవే పెరుగుతాయి. అది పనితనం కాదు, పనిభారం.

38 మ్యాచ్‌ల సీజనైతే కనీసం 1,800 నిమిషాలు, అంటే 20 పూర్తి మ్యాచ్‌లు ఆడినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. అంకెలన్నిటికీ 90 నిమిషాల సగటు కట్టండి.

అసలు సంగతి వీడియోలో తెలుస్తుంది. జట్టు మీద పడిన ప్రతి గోల్‌నూ 15 సెకన్లు వెనక్కి తిప్పి చూడండి. ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) పైకి వెళ్లి తిరిగి రాకపోతే, ఆ ఖాళీ పూడ్చడానికి సెంటర్‌బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) పక్కకు జరుగుతాడు. క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వచ్చేసరికి గోల్ ముందు స్ట్రైకర్‌ని పట్టుకునేవాడే ఉండడు. తప్పు సెంటర్‌బ్యాక్‌దే అనిపిస్తుంది. దాన్ని మొదట ఖాళీ వదిలినవాడి ఖాతాలో రాయండి.

నేల మీద జారి చేసే టాకిల్‌కి చప్పట్లు ఎక్కువ. ముందే సరైన చోట నిలబడినవాడికి జారాల్సిన అవసరమే రాదు. నా ఓటు అలాంటివాడికే.

ఇద్దరు సమంగా తేలితే, ఒక్కొక్కరు లేని మ్యాచ్‌లలో ఎన్ని గోల్స్ పడ్డాయో చూడండి. అలాంటి మ్యాచ్‌లు నాలుగైదే అయితే ఆ తేడాను నమ్మకండి.